పాత ఒంటికి కొత్త రంగు



ఈ నెల ఒక కుట్టుమిషను సంగతితో ఆరంభిస్తాను. ఇది నా పొరపాటు సంగతి గనుక కొంచెం సిగ్గుపడుతూనే వ్రాస్తున్నాను. అయినా మీలో ఒక్కరికి ఉపయోగపడినా చాలు.

మా సంఘంలో ఒక సహోదరి ఉంది. భర్త చనిపోయి నాలుగేళ్లయింది. ఇద్దరు ఆడపిల్లలు. మిరప కోతలకూ పత్తి తీతలకూ వెళ్లి సంసారం ఈదుకొస్తూనే రాత్రిళ్లు పక్కింటివారి మిషను మీద కుట్టు నేర్చుకుంది. తర్వాత పొదుపు సంఘంలో అయిదు వేలు అప్పు తీసుకుని నా దగ్గరకు వచ్చింది.

"అయ్యగారూ, కొత్త మిషను స్టాండుతో కలిపి ఎనిమిది వేలు దాటుతోంది. టౌనులో ఒక కొట్లో పాత మిషన్లను కొత్తవాటిలాగా చేసి అమ్ముతున్నారంట. నాలుగు వేలు చెబుతున్నారు. మీరొక్కసారి వచ్చి చూస్తే నాకు ధైర్యంగా ఉంటది" అంది.

వెళ్లాను. మిషను నల్లగా నిగనిగలాడుతోంది. ఒంటి మీద బంగారు రంగు పువ్వులు, అక్షరాలు ఉన్నాయి. చక్రం తిప్పి చూస్తే చప్పుడు లేకుండా తిరిగింది. కొట్టు యజమాని మర్యాదస్తుడిలాగే కనిపించాడు. కుర్చీ వేసి, టీ తెప్పించి, "మొత్తం విప్పి చేశామండీ, పదేళ్లదాకా చూసుకోనక్కర్లేదు" అన్నాడు. ఆమె నా ముఖం వంక చూసింది. "బాగానే ఉందమ్మా, తీసుకో" అన్నాను. ఆ ఒక్క మాట మీద ఆమె చీర కొంగులోని డబ్బు తీసి లెక్కపెట్టి ఇచ్చింది. బిల్లు ఆమె అడగలేదు, నాకూ తోచలేదు.

మూడు వారాలకు కుట్టు ఎగిరిపోవడం మొదలైంది. అడుగున దారం ఉండలు కడుతోంది, పైన తెగిపోతోంది. అవి క్రిస్మసు ముందు రోజులు. ఇంటి నిండా రవికె గుడ్డలు పెట్టుకున్న ఆ తల్లి పాడైన రెండు గుడ్డలకు తన చేతి డబ్బు ఇచ్చుకోవలసి వచ్చింది. మిగిలినవాళ్లు గుడ్డలు వెనక్కు తీసుకుపోయారు. కొట్టు యజమాని దగ్గరకు వెళితే, "పాత మిషనుకు గ్యారంటీ ఏమిటమ్మా?" అన్నాడట. ఆమె నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అంటే నా మనసుకు కొంత తేలికయ్యేదేమో!

మా ఊళ్లో మిషన్లు బాగుచేసే పెద్ద మేస్త్రీ ఒకాయన ఉన్నారు. ఆయన దాన్ని విప్పి చూసి, "అయ్యగారూ, దీనికి చేసింది రంగు ఒక్కటే" అన్నారు. షటిల్ తిరిగే గాడి అరిగిపోయింది. లోపలి కడ్డీ బుష్షుల్లో వదులు వచ్చింది. బట్టను ముందుకు లాగే పళ్లు మొద్దుబారాయి. "మరి చక్రం అంత మెత్తగా ఎలా తిరిగింది మేస్త్రీ గారూ?" అని అడిగాను. ఆయన నవ్వి, "చిక్కటి గ్రీజు దట్టించాడండీ. గ్రీజు ఉన్నన్నాళ్లు అరుగుదల వినపడదు. అది కారిపోయాక దాని అసలు గొంతు బయటపడింది" అన్నారు.

ఆ రాత్రి నన్ను నేను ప్రశ్నించుకున్నాను. నేను ఏమి చూసి "బాగుంది" అన్నాను? రంగు చూశాను, ధర చూశాను, ఆ మనిషి మర్యాద చూశాను. ఈ మూడింటిలో ఒక్కటైనా మిషను పనితనానికి సంబంధించింది కాదు. చూడవలసినది లోపల ఉంది, నేను చూసింది బయట ఉంది. ఇది నా ఒక్కడి తప్పేనా, అందరమూ ఇలాగే చేస్తామా అని అప్పటి నుండి కొంత చదివాను, కొందరు పనివారిని అడిగాను. తెలిసింది మీతో పంచుకుంటాను.

మూడు మాటలు, మూడు పనులు

పాత వస్తువును తిరిగి వాడుకలోకి తెచ్చే పనులన్నింటినీ మనం "రీకండిషన్" అనే ఒక్క మాటతో పిలుస్తాం. నిజానికి అవి వేర్వేరు పనులు.

మొదటిది రిపేరు. చెడిపోయిన భాగం ఏదో అది మాత్రమే బాగుచేస్తారు, మిగిలినదాని జోలికి పోరు. రెండవది, శుభ్రం చేసి, పనిచేస్తున్నదో లేదో చూసి, తప్పనిసరైనవి మార్చి, పైన మెరుగుపెట్టడం. ఈనాడు "రీఫర్బిష్డ్" అని అమ్మే సెల్‌ఫోన్లు, కంప్యూటర్లు ఎక్కువగా ఈ కోవలోవే. మూడవది పునర్నిర్మాణం. ఇంగ్లీషులో దీన్ని రీమాన్యుఫాక్చరింగ్ అంటారు. ఇందులో వస్తువును చివరి బోల్టు వరకు విప్పేస్తారు. ప్రతి భాగాన్ని కడిగి కొలతలు చూస్తారు. అరిగినవాటిని తీసివేసి కొత్తవి వేస్తారు. మళ్లీ బిగించిన తర్వాత కొత్త వస్తువుకు చేసే పరీక్షలే దీనికీ చేస్తారు. ఇంత చేసినప్పుడు గాని అది కొత్తదానితో సమానమని చెప్పడానికి వీలులేదు.

ఇది ఏదో పేదవారికోసం పుట్టిన పని కాదు. అమెరికాలో భారీ యంత్రాలు చేసే క్యాటర్‌పిల్లర్ కంపెనీ 1973లోనే ఇంజన్ల పునర్నిర్మాణం మొదలుపెట్టింది. అక్కడి పద్ధతి ఏమంటే, మళ్లీ చేసిన భాగం కొనేటప్పుడు మన పాత భాగానికి కొంత డిపాజిట్టు కట్టాలి. పాతది తెచ్చి అప్పగిస్తే ఆ సొమ్ము తిరిగి ఇస్తారు. ఆ పాతదే మరొకరికి రేపటి వస్తువు అవుతుంది. విమానాల చక్రాలకు కూడా రీట్రెడ్ చేసిన టైర్లు వాడతారని మీకు తెలుసా? పాత టైరు అరిగిన భాగాన్ని గీకివేసి, దాని మీద కొత్త రబ్బరు అతికించి ఉడికించినవే అవి. అంత దూరం ఎందుకు? మన ఆర్టీసీకి సొంత రీట్రెడింగ్ షాపులు ఉన్నాయి. పిల్లల్ని బస్సెక్కించి సాగనంపేటప్పుడు మనం ఎప్పుడైనా వంగి వెనక టైరు చూశామా? చూడం. బస్సును నమ్ముతాం, ఎక్కుతాం.

అదే మనిషి తన సొంత ఆటోకు రీట్రెడ్ టైరు వేయమంటే వెనకాడతాడు. ఎందుకని?

బియ్యంలో రాళ్లు

దీనికి జవాబు ఒక అమెరికా ఆర్థికవేత్త ఇచ్చాడు. ఆయన పేరు జార్జ్ అకర్లాఫ్. 1967–68లో ఒక సంవత్సరం మన ఢిల్లీలో ఉన్నాడు. 1970లో ఆయన ఒక చిన్న వ్యాసం ప్రచురించాడు. అంతకుముందు మూడు పత్రికలు దాన్ని త్రిప్పి పంపించాయి. అదే వ్యాసం ముఖ్య కారణంగా 2001లో, మరి ఇద్దరితో కలిసి, ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

ఆయన వ్రాసింది పాత కార్ల బజారు గురించి. పైకి బాగుండి లోపల పాడైన కారును అమెరికావాళ్లు "నిమ్మకాయ" అంటారట. ఆయన చెప్పిన సంగతి చాలా సాదాగా ఉంటుంది. కారు మంచిదో కాదో అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. తెలియదు గనుక కొనేవాడు దేనికైనా మధ్యరకం ధరే ఇస్తానంటాడు. నిజంగా మంచి కారు ఉన్నవాడు ఆ ధరకు అమ్మలేక బజారు నుండి తప్పుకుంటాడు. మిగిలేవి పాడు కార్లే. అది చూసి కొనేవాడు ఇంకా తగ్గించి అడుగుతాడు, ఇంకొందరు మంచివారు తప్పుకుంటారు. ఇలా చివరకు మోసగాడి వల్ల నష్టపోయేది కొనేవాడు ఒక్కడే కాదు. నిజాయితీగా అమ్మేవాడు కూడా నష్టపోతాడు.

ఆ వ్యాసంలోనే ఆయన మన దేశపు గృహిణుల మాట ఎత్తాడు. బజారు బియ్యంలో, బియ్యపు రంగులోనే, అదే ఆకారంలో కావాలని కలిపిన రాళ్లను వారు ఏరుకోవలసి వస్తోందని వ్రాశాడు. మన అమ్మలు, అమ్మమ్మలు చేట పట్టుకుని అరుగు మీద కూర్చున్న దృశ్యం అంత పెద్ద శాస్త్రానికి ఉదాహరణ అయిందంటే ఆశ్చర్యంగా లేదూ? ఆ రాళ్లు ఏరే గంటలన్నీ మోసానికి మనం కట్టిన పన్నే గదా!

అయితే బియ్యంలో రాయి కంటికి కనబడుతుంది. కుట్టుమిషను గాడిలో అరుగుదల కనబడదు. కనబడని చోట మనం ఏమి చేస్తాం? కనబడేవాటిని చూసి కనబడనిదాన్ని ఊహిస్తాం. చిక్కు అక్కడే ఉంది.

మనం దేన్ని చూసి నిర్ణయిస్తాం?

మొదటిది పై మెరుపు. రంగు వేయడం అన్నిటికంటే చవక పని గనుక మోసగాడు మొదట చేసేది అదే. అలాగని రంగు ఉన్నదల్లా మోసమని కాదు. రంగు ఉంటే లోపల పని జరిగిందని అనుకోకూడదు, అంతే.

రెండవది ధర. ఇది రెండువైపులా కోసే కత్తి. సగం ధర అంటే మనసు లాగుతుంది. మరీ తక్కువ అంటే "ఇందులో ఏదో మాయ ఉంది" అని అనుమానం పుడుతుంది. 2011లో ఒవ్చిన్నికోవ్ అనే పరిశోధకుడు దీన్నే పరీక్షించి చూపించాడు. మళ్లీ చేసిన వస్తువు ధర తగ్గించేకొద్దీ కొంతవరకు కొనేవారు పెరిగారు, మరీ తగ్గిస్తే వారే వెనక్కు పోయారు. అంటే జనం ధరను ఖర్చుగా మాత్రమే చూడరు, నాణ్యతకు గుర్తుగా కూడా చూస్తారు.

మూడవది, ఎవరు చేశారు, ఎవరు అమ్ముతున్నారు అనేది. 2012లో సుబ్రమణియన్, సుబ్రమణ్యం అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలో ఇంటర్నెట్ వేలంలో అమ్ముడైన వస్తువుల ధరలను పోల్చి చూశారు. అసలు తయారుచేసిన కంపెనీ గాని, దాని అనుమతి పొందినవారు గాని మళ్లీ చేసిన వస్తువుకు, బయటివారు చేసినదానికంటే జనం ఎక్కువ ధర పెట్టారు. అమ్మేవాడికి ఉన్న మంచి పేరు కూడా ధరను ప్రభావితం చేసింది. వస్తువు లోపల చూడలేనివారు మనిషి పేరును చూస్తారన్నమాట. మా సహోదరి చేసిందీ అదే. ఆమె మిషనును నమ్మలేదు, నన్ను నమ్మింది. నా మాటే ఆమెకు గ్యారంటీ కార్డు అయింది. నేను ఆ గ్యారంటీని ఏమీ తెలియకుండా సంతకం చేసి ఇచ్చాను!

నాల్గవది, "ఇంతకుముందు ఎవరు వాడారో" అనే జంకు. 2015లో జేమ్స్ ఆబీ, ఆయన తోటివారు అమెరికాలో వినియోగదారుల మీద చేసిన పరిశోధనలో ఇది స్పష్టంగా కనబడింది. ఒంటికి, నోటికి, ఇంటి వాడకానికి దగ్గరగా ఉండే వస్తువులైతే, ఎంత బాగా శుభ్రపరిచి మళ్లీ చేసినా చాలామందికి రోత కలిగింది. యంత్రపు పనిముట్ల విషయంలో ఆ జంకు అంతగా ఉండదు. మనమూ అంతే గదా. పాత ట్రాక్టరు కొంటాం, పాత దంతపు బ్రష్షు కొనం. చెవిలో పెట్టుకునే వాటి విషయంలో జంకు న్యాయమే. పంపు మోటారు విషయంలో "ఎవరిదో పాతది" అని ముఖం చిట్లించడంలో అర్థం లేదు.

రోడ్డు మీద రబ్బరు పేలికలు

మన తీర్పు మంచి వస్తువుకు కూడా అన్యాయం చేయగలదు. హైవే పక్కన లారీ టైరు పేలికలు పడి ఉండడం మీరు చూసే ఉంటారు. చూడగానే "రీట్రెడ్ టైరయి ఉంటుంది, అతుకు ఊడిపోయింది" అంటాం. అమెరికా రహదారి భద్రతా సంస్థ ఇలాంటి పేలికలను, పాడైన టైర్లను పోగుచేయించి పరీక్ష చేయించింది. ఆ నివేదిక 2008లో వచ్చింది. అందులో కొత్త టైర్ల ముక్కలు కూడా ఉన్నాయి. కొత్తవైనా రీట్రెడ్‌వైనా ఎక్కువగా పాడైన కారణాలు రోడ్డు మీద మేకులు, రాళ్లు, వేడెక్కడం, గాలి సరిగా లేకపోవడం వంటివి. రీట్రెడ్ చేసిన పనిలోని లోపం ముఖ్య కారణం కాదని తేలింది.

అలాగని రీట్రెడ్ టైరు ఎక్కడైనా వేయవచ్చా? అమెరికాలో బస్సుల ముందు చక్రాలకు దాన్ని వేయకూడదని నియమం ఉంది. స్టీరింగు చక్రం పేలితే బండి అదుపు తప్పుతుంది గనుక ఆ జాగ్రత్త. వస్తువు మంచిదా చెడ్డదా అని అడిగితే సరిపోదని దీని నుండి నేర్చుకున్నాను. ఏ పనికి మంచిది అని కూడా అడగాలి.

ఉచిత కరెంటు వెనక దాగిన నష్టం

రైతు సహోదరులారా, ఇప్పుడు మీ బోరు మోటారు దగ్గరకు వద్దాం. మోటారు కాలితే వైండింగుకు ఇస్తాం. చుట్టి తెచ్చాక నీళ్లు పోస్తే "బాగా చేశాడు" అంటాం. నీళ్లు పోయడమే మన పరీక్ష. కాని మోటారు లోపల మూడు సంగతులు ఉన్నాయి.

ఒకటి, తీగ. మొదట ఏ లావు రాగి తీగ ఎన్ని చుట్లు ఉన్నదో, అదే లావు, అన్నే చుట్లు పడాలి. సన్నని తీగ వేసినా, రాగి బదులు అల్యూమినియం వేసినా మోటారు తిరుగుతుంది గాని వేడెక్కుతుంది. రెండు, పాత తీగను తీసే పద్ధతి. తొందరగా ఊడిరావాలని మంట పెట్టి కాలుస్తారు. అదుపులేని వేడికి లోపలి ఇనుప రేకుల మధ్యనున్న పూత కాలిపోతుంది. ఇక ఆ ఇనుము కరెంటును ఊరకే వేడిగా మార్చి పారబోస్తుంది. మూడు, బేరింగులు, బుష్షులు. అవి అరిగి ఉంటే వైండింగు ఎంత బాగున్నా లాభం లేదు.

పద్ధతి ప్రకారం, వేడిని అదుపులో ఉంచి చుట్టితే మోటారు సామర్థ్యం తగ్గకుండా నిలుపుకోవచ్చునని 2003లో అమెరికా, బ్రిటన్ దేశాల మోటారు మరమ్మతుదారుల సంఘాలు చేసిన పరీక్షల్లో తేలింది. కనుక "చుట్టిన మోటారు ఎప్పటికీ కొత్తదానితో సమానం కాదు" అనే మాట పూర్తిగా నిజం కాదు. చుట్టిన చేతిని బట్టి ఉంటుంది.

ఇక్కడ మరొక చిక్కు ఉంది. మన రాష్ట్రంలో 2004 నుండి వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చింది. బిల్లు లేదు గనుక, మోటారు ఎక్కువ కరెంటు మింగుతున్నా మన జేబుకు తెలియదు. బిల్లు కట్టే ఇంట్లో అయితే మీటరే చెబుతుంది. మన పొలంలో చెప్పేవారు లేరు. మోటారు మళ్లీ కాలిపోయిన నాడు గాని మనకు తెలియదు. అది సాధారణంగా పైరు పూత మీద ఉన్నప్పుడే కాలుతుంది! నాణ్యతను చెప్పే గుర్తు ఒకటి లేకపోతే, మనమే ఒక గుర్తు పెట్టుకోవాలి. ఎలాగో క్రింద వ్రాస్తున్నాను.

కొనే ముందు, తెచ్చే ముందు

1. "రీకండిషన్" అనే మాటతో తృప్తిపడవద్దు. "ఏమేమి విప్పారు? ఏమేమి మార్చారు? పాత ముక్కలు ఏవి?" అని అడగండి. నిజంగా పని చేసినవాడు సంతోషంగా చూపిస్తాడు. చేయనివాడు మాట మారుస్తాడు.

2. కుట్టుమిషను అయితే చక్రం తిప్పి ఊరుకోవద్దు. మన ఇంటి నుండి గుడ్డలు తీసుకువెళ్లండి. పల్చటి గుడ్డ రెండు మడతలు, మందపు గుడ్డ నాలుగు మడతలు కుట్టి చూడండి. కనీసం పావుగంట ఆపకుండా తొక్కండి. కుట్టు పైనా క్రిందా ఒకేలా పడుతోందో లేదో చూడండి. సూది కడ్డీని, చక్రాన్ని పట్టుకుని ప్రక్కకు కదిలించి వదులు ఉందేమో చూడండి. బాబిన్ కేసు తీసి, షటిల్ గాడిని వ్రేలితో తడమండి. గ్రీజు దట్టంగా ఉంటే తుడిపించి, ఆ తర్వాత తిప్పమనండి.

3. మోటారు అయితే బిగించక ముందు షాపులోనే మూడు ఫేజుల్లో ఎన్ని ఆంపియర్లు లాగుతున్నదో కొలిపించండి. మూడూ దాదాపు సమానంగా ఉండాలి. ఇన్సులేషన్ పరీక్ష కూడా చేయించండి. పొలంలో నీళ్లు పోస్తుండగా లాగే ఆంపియర్లను స్టార్టరు పెట్టె తలుపు లోపల తేదీతో సహా వ్రాసి పెట్టండి. వోల్టేజి మామూలుగా ఉన్నా ఆ అంకె పెరుగుతోందంటే లోపల ఏదో జరుగుతోందని గుర్తు. మీటరు లేని చోట ఇదే మీ మీటరు.

4. టైరు అయితే పై గీతలను కాదు, ప్రక్క గోడలను చూడండి. పగుళ్లు, ఉబ్బులు, లోపల అతికిన మచ్చలు ఉంటే వద్దు. ప్రక్క గోడ మీద నాలుగు అంకెలు ఉంటాయి. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. 2319 అంటే 2019లో 23వ వారంలో పుట్టిన టైరు. రబ్బరు కొత్తదైనా ఒళ్లు ఎంత పాతదో అది చెబుతుంది.

5. పాత సెల్‌ఫోను పిల్లల చదువుకని కొంటున్నారా? *#06# నొక్కితే 15 అంకెల ఐఎంఇఐ నంబరు వస్తుంది. కె వై ఎం అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు, ఒక ఖాళీ, తర్వాత ఆ నంబరు టైపు చేసి 14422కు మెసేజి పంపండి. ఆ నంబరు నిజమైనదో, దొంగ సొత్తుగా బ్లాకు అయినదో తెలుస్తుంది. ఇవే వివరాలు 2023లో కేంద్ర ప్రభుత్వం ఆరంభించిన సంచార్ సాథీ వెబ్‌సైటులో కూడా చూడవచ్చు. బ్యాటరీ మార్చారా, మారిస్తే ఏది వేశారో బిల్లు మీద వ్రాయించండి.

బిల్లు అడగడం అవమానం కాదు

తెలిసినవారి దగ్గర బిల్లు అడిగితే నమ్మకం లేనట్టు అవుతుందని మనం మొహమాటపడతాం. నేనూ అలాగే ఊరుకున్నాను. ఆ మొహమాటం వెల నాలుగు వేలు. అదీ నా డబ్బు కాదు.

1986లో వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం స్థానంలో 2019 చట్టం వచ్చి, 2020 జూలై నుండి అమలులో ఉంది. పాతదాన్ని, మళ్లీ చేసినదాన్ని కొత్తదని చెప్పి అమ్మడం ఈ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లు ఇవ్వకపోవడం కూడా అంతే. వ్యాపారం కోసం కొన్నవారికి ఈ చట్టం వర్తించదుగాని, మా సహోదరిలాగా స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికి కొన్నవారు వినియోగదారులే. ఈ సంగతి చాలామందికి తెలియదు. జిల్లా కమిషన్‌లో అయిదు లక్షల లోపు వస్తువులకు ఫిర్యాదు రుసుము లేదు. రెండు సంవత్సరాల లోపు వేయాలి. ముందుగా సలహా కావాలంటే 1915 నంబరుకు ఫోను చేయవచ్చు. అయితే వీటన్నిటికీ చేతిలో ఒక కాగితం ఉండాలి. కాగితం మీద "రీకండిషన్" అని మాత్రమే కాక, మార్చిన భాగాల పేర్లు, ఎన్ని నెలల హామీ అన్నది వ్రాయించుకోండి.

చేసే చేతులకు ఒక మాట

మన సంఘాల్లో మెకానిక్కులున్నారు, వైండింగు చేసేవారున్నారు, టైర్ల షాపుల్లో పనిచేసే యౌవనస్థులున్నారు. సామెతల గ్రంథంలో దొంగ త్రాసు గురించీ ఉంది, కొనేవాడి గడుసుతనం గురించీ ఉంది. రెండు వైపులవారికీ పాఠం ఉన్నదన్నమాట. మీ పనిని జనం చూడలేరు. చూడలేనిదాన్ని చూపించడం మీ చేతిలోనే ఉంది. పాత ముక్కలను సంచిలో వేసి ఇవ్వండి. మార్చినదేదో, మార్చనిదేదో రెండూ వ్రాసి ఇవ్వండి. "ఇది మార్చలేదు, ఇంకో సంవత్సరం నడుస్తుంది" అని చెప్పే మెకానిక్కును నేను ఏ వారంటీ కార్డు కంటే ఎక్కువ నమ్ముతాను. కొనేవారు కూడా న్యాయంగా ఉండాలి. విప్పి, కడిగి, కొలిచి, మార్చిన పనికి రంగు వేసిన పని ధరే ఇస్తామంటే, అకర్లాఫ్ చెప్పినట్టు మంచి పనివాడు కొట్టు మూసుకుంటాడు. తర్వాత మనకు మిగిలేది రంగు డబ్బానే.

ఇక మా మిషను సంగతి చెప్పి ముగిస్తాను. మా ఊరి మేస్త్రీ గారు దాన్ని పూర్తిగా విప్పారు. షటిల్, దాని గాడి, బుష్షులు, పళ్లు, బాబిన్ కేసు కొత్తవి వేశారు. సామానుకు, పనికి కలిపి పదకొండు వందలు అయింది. అది నేను ఇచ్చాను. ఇవ్వడం దయ కాదు, నా గ్యారంటీ అది. మేస్త్రీ గారు పాత ముక్కలన్నీ ఒక పాత బట్టలో మూటకట్టి, మార్చిన వాటి జాబితా పిల్లల నోటుబుక్కు కాగితం మీద వ్రాసి, తేదీ వేసి, సంతకం పెట్టి ఆమె చేతికి ఇచ్చారు. "ఆరు నెలల్లో ఏమైనా అయితే తీసుకురామ్మా" అన్నారు.

ఆమె అక్కడే మా ఇంటి నుండి తెచ్చిన పాత దుప్పటి అంచు నాలుగు మడతలు వేసి కుట్టింది. పావుగంట తొక్కింది. కుట్టు త్రిప్పి చూసి, మళ్లీ త్రిప్పి చూసి, "ఇప్పుడు బాగుందయ్యగారూ" అంది. ఈసారి నా ముఖం వంక చూడలేదు. కుట్టునే చూసింది.

ఆ మిషను ఒంటి మీది నల్లరంగు అప్పుడే అక్కడక్కడా లేచిపోతోంది. మళ్లీ వేయించమంటారా అని అడిగితే, "రంగెందుకయ్యగారూ, లోపల బాగుంది గదా" అంది. ఈ ఏడు బడి తెరిచే ముందు మా పిల్లల యూనిఫారాలు ఆమే కుట్టింది.

మీ ఇంట్లో ఇటువంటి అనుభవం ఉంటే వ్రాయండి. వచ్చే నెల మరొక సంగతితో కలుసుకుందాం.